తెల్లవారుజాము మూడింటికి మిగలాల్సిన ఛార్జ్

ఆకాశాన్ని ఫొటో తీసేవాళ్లకు మహాశివరాత్రి ఏడాదిలోని మంచి రాత్రుల్లో ఒకటి. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి చంద్రుడు తెల్లవారబోతుండగా గానీ పైకి రాడు. దీపావళీ అమావాస్యే, కానీ ఆ రాత్రి ఆకాశం నిండా పొగ. శివరాత్రి నాటికి రాయలసీమలోనూ తెలంగాణ పల్లెల్లోనూ మబ్బులు విడిపోయి ఉంటాయి. పైగా ఊరంతా ఎలాగూ జాగారంలో ఉంటుంది. పొలం గట్టు మీద ట్రైపాడ్ పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి ఎవరూ కంగారుపడరు.

ఆ రాత్రి లెక్క ఒకసారి చూడండి. 2025లో లాగా ఫిబ్రవరి 26న పడిందనుకుందాం. కడప చుట్టుపక్కల సాయంత్రం ఏడున్నరకు పూర్తి చీకటి పడుతుంది. తెల్లవారుజామున ఐదూ ఇరవై దాకా ఆ చీకటి ఉంటుంది. అంటే పది గంటలకు కాస్త తక్కువ. చీకటి పడేసరికే ఓరియన్ నెబ్యులా ఆకాశంలో బాగా ఎత్తున ఉంటుంది, పదకొండు దాకా దాన్ని తీసుకోవచ్చు. తర్వాత అది పడమటికి వాలిపోయి, ఒంటిగంట దాటాక అస్తమిస్తుంది. రెండూ రెండున్నర మధ్య ఆగ్నేయాన పాలపుంత నడిబొడ్డు పొడుస్తుంది. దిగంతం దగ్గరి ధూళి దాటి ఫొటోకు పనికొచ్చే ఎత్తుకు వచ్చేసరికి మూడున్నర. అక్కణ్ణుంచి ఐదూ ఇరవై దాకా మాత్రమే మనకు దక్కేది.

ఏడున్నరకు మొదలుపెట్టిన పనిలో మనం అసలు ఎదురుచూసిన ఘట్టం చిట్టచివర వస్తుంది. సరిగ్గా ఆ వేళకే బ్యాటరీలు అడుగంటుతాయి, లెన్స్ మీద తేమ చేరుతుంది, మనిషికి కళ్లు మూతలు పడతాయి. రాత్రి తొమ్మిదింటికి చిటికెలో చేసే పని మూడింటికి చేయబోతే చేతికి రాదు. ఏ వైరు ఎక్కడ పెట్టాలో, ఏ బ్యాటరీ నిండుగా ఉందో, ఏది అయిపోయిందో గుర్తుండదు. అందుకని ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టి చెప్పదలుచుకున్నది ఒకటే. కరెంటుకు సంబంధించిన ప్రతి నిర్ణయమూ పగలే, ఇంట్లోనే, కాగితం మీద అయిపోవాలి. పొలంలో చేతులకు పని ఉండాలి గానీ లెక్కలు ఉండకూడదు.

కెమెరా ఎందుకంత తాగుతుంది

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీని నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించారు. ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేసిన మహాయజ్ఞంలో హైదరాబాద్‌కు ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ వచ్చింది. ఆ ఫొటోలన్నీ గాజు పలకల మీద తీసినవి. గాజు పలక వెలుగును పోగుచేసుకోవడానికి కరెంటు అక్కర్లేదు. మొన్నమొన్నటి పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటి ఫిల్మ్ కెమెరాలకూ అంతే. బ్యాటరీ లైట్ మీటర్‌కే, షట్టర్‌ను గంటసేపు తెరిచి ఉంచినా బ్యాటరీ ప్రమేయం లేదు.

డిజిటల్ సెన్సర్ కథ వేరు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ సెన్సర్‌కు, దాని వెనకున్న ప్రాసెసర్‌కు కరెంటు అందుతూనే ఉండాలి. కెమెరా కొన్నప్పుడు పుస్తకంలో ఒక బ్యాటరీకి ఐదారు వందల ఫొటోలు వస్తాయని రాసి ఉంటుంది. ఆ లెక్క పెళ్లిళ్లలో, పిక్నిక్‌లలో టక్కున తీసే ఫొటోలకు. రెండు నిమిషాల ఎక్స్‌పోజర్‌కు ఆ అంకెతో ఏ సంబంధమూ లేదు. మనం ఫొటోలు లెక్కపెట్టకూడదు, గంటలు లెక్కపెట్టాలి.

మరి ఎన్ని గంటలు? దీనికి పుస్తకాల్లో జవాబు వెతక్కండి. మీ కెమెరానే అడగండి. ఒక రాత్రి బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, లెన్స్‌కు మూత పెట్టి, కెమెరాను డైనింగ్ టేబుల్ మీద ఉంచండి. పొలంలో వాడబోయే ఐఎస్ఓ, అదే ఎక్స్‌పోజర్, ఫ్రేమ్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య అదే విరామం పెట్టి, టైమర్ రిమోట్‌తో మొదలుపెట్టి పడుకోండి. పొద్దున లేచి మొదటి ఫైల్ సమయం, చివరి ఫైల్ సమయం చూడండి. ఆ రెంటి మధ్య ఉన్నదే మీ బ్యాటరీ నిజమైన ఆయుష్షు. చాలా కెమెరాల్లో అది రెండు నుంచి నాలుగైదు గంటల మధ్య తేలుతుంది. ఆ అంకెను ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. బ్యాటరీ పాతబడేకొద్దీ అది తగ్గుతుంది, కాబట్టి ఏటా సీజన్ మొదట్లో మళ్లీ ఒకసారి ఈ పరీక్ష చేయాలి.

పరీక్షకు ముందే కొన్ని సెట్టింగులు సర్దుకోవాలి. ఫొటో తీయగానే తెర మీద చూపించడం ఆపేయండి. వైఫై, బ్లూటూత్, జీపీఎస్ కట్టేయండి. ఫోన్ నుంచి వైఫైలో కెమెరాను నడిపితే హాయిగానే ఉంటుంది, కానీ ఆ హాయికి ఖరీదు బ్యాటరీయే కడుతుంది. లెన్స్‌లో వణుకు తగ్గించే ఏర్పాటు ట్రైపాడ్ మీద అనవసరం, దాన్నీ ఆపాలి. ఫోకస్ కుదిరాక లైవ్ వ్యూ మూసేయాలి. మిర్రర్‌లెస్ అయితే తెర వెలుగును అడుగుకు దించాలి. అన్నిటికంటే ముఖ్యంగా లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను తప్పకుండా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే రెండు నిమిషాల ఫొటో తీశాక కెమెరా షట్టర్ మూసుకుని ఇంకో రెండు నిమిషాలు చీకటిని ఫొటో తీస్తుంది. రాత్రిలో సగం, బ్యాటరీలో సగం దానికే పోతాయి. ఆ చీకటి ఫ్రేములు మనమే విడిగా, చివర్లో తీసుకుందాం.

ఎంఏహెచ్‌ను నమ్ముకోవద్దు

దుకాణంలో పవర్ బ్యాంక్ అడిగితే 10,000, 20,000 అంటూ ఎంఏహెచ్ అంకెలు చెబుతారు. వోల్టేజీ చెప్పకుండా ఎంఏహెచ్ చెప్పడమంటే బస్తాల లెక్క చెప్పి, ఒక్కో బస్తా ఎన్ని కిలోలో చెప్పకపోవడమే. మనకు కావలసింది వాట్-అవర్. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే అది వస్తుంది. 1,000 ఎంఏహెచ్ అంటే ఒక ఆంపియర్-అవర్.

కెనాన్ చిన్న కెమెరాల్లో వాడే ఎల్‌పీ-ఈ17 బ్యాటరీ 7.2 వోల్టులు, 1,040 ఎంఏహెచ్. అంటే ఏడున్నర వాట్-అవర్లు. పాత సోనీ కెమెరాల ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 కూడా దాదాపు అంతే. కొత్త సోనీల ఎన్‌పీ-ఎఫ్‌జడ్100, నికాన్ ఈఎన్-ఈఎల్15సీ, రెండూ 16 వాట్-అవర్ల దగ్గర ఉంటాయి. ఇక 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ లోపలి సెల్స్ 3.7 వోల్టులవి, కాబట్టి 74 వాట్-అవర్లు. అందులో అంతా బయటికి రాదు. 3.7 వోల్టులను 5కు పెంచే క్రమంలో కొంత వేడిగా పోతుంది. మన దేశంలో అమ్మే పవర్ బ్యాంకుల వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటుంది, వెతికి చూడండి. 20,000 అని పెద్దగా రాసినదాని వెనక 5 వోల్టుల దగ్గర 12,000 చిల్లర అని కనిపిస్తుంది. అంటే చేతికొచ్చేది సుమారు 60 వాట్-అవర్లు. లెక్కలన్నీ ఈ చిన్న అంకెతోనే వేసుకోవాలి.

ఖర్చు వైపు లెక్కకు ఒక చిన్న పరికరం కొనమని గట్టిగా చెబుతాను. యూఎస్‌బీ మీటర్ అంటారు, బొటనవేలంత ఉంటుంది. పవర్ బ్యాంకుకూ కేబుల్‌కూ మధ్య గుచ్చితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ఇప్పటిదాకా ఎన్ని వాట్-అవర్లు పోయాయో తెర మీద చూపిస్తుంది. నాలుగు వేల రూపాయల పవర్ బ్యాంక్ కొనడానికి వెనకాడనివాళ్లు కొన్ని వందల ఈ మీటర్ దగ్గర ఆగిపోతారు. అది లేకపోతే మిగతాదంతా ఊహే.

మూడు దారులు

మొదటిది విడి బ్యాటరీలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, వైడ్ లెన్స్‌తో పాలపుంత మాత్రమే తీసేవాళ్లకు ఇది చాలు. నిండినవి కుడి జేబులో, అయిపోయినవి ఎడమ జేబులో. అంతకుమించి పద్ధతి అక్కర్లేదు. చిక్కు ట్రాకర్, అంటే నక్షత్రాల గమనం వెంట కెమెరాను మెల్లగా తిప్పే పరికరం, వాడేవాళ్లకు వస్తుంది. ధ్రువ నక్షత్రానికి గురిపెట్టి, అరగంట కష్టపడి సరిచేసిన ట్రాకర్ మీద కెమెరా కూర్చుని ఉంటుంది. బ్యాటరీ మూత సరిగ్గా కెమెరా అడుగున, ప్లేటుకు ఆనుకుని ఉంటుంది. దాన్ని తెరిచి, పాతది లాగి, కొత్తది నొక్కేసరికి గురి కదులుతుంది. ఫ్రేమ్ జరుగుతుంది, ఒక్కోసారి ఫోకస్ రింగూ జరుగుతుంది.

రెండోది డమ్మీ బ్యాటరీ. ఆకారంలో అచ్చం మీ బ్యాటరీయే, లోపల సెల్స్ ఉండవు, ఒక వైరు బయటికి వస్తుంది. బ్యాటరీ గది మూత పక్కన చాలా కెమెరాలకు గోరంత రబ్బరు తలుపు ఉంటుంది, ఇన్నాళ్లూ అదెందుకో మీరు గమనించి ఉండకపోవచ్చు. ఈ వైరు బయటికి రావడానికే అది. దాన్ని పక్కకు మడిచి వైరును అందులోంచి తెచ్చి, మూత పూర్తిగా వేయాలి. మూత పడకపోతే కెమెరా ఆన్ కాదు. కెనాన్ డీఆర్-ఈ6, నికాన్ ఈపీ-5బీ లాంటివి కంపెనీలు చేసినవి. వాటికి గోడ ప్లగ్గుకు పెట్టే అడాప్టర్ విడిగా కొనాలి, ఖరీదూ ఎక్కువే. యూఎస్‌బీ చివర ఉన్న డమ్మీలు బజారులో చాలా దొరుకుతాయి. అవి 5 వోల్టులను తీసుకుని కెమెరాకు కావలసిన ఎనిమిదికి దగ్గరగా పెంచుతాయి, లేదా పీడీ (పవర్ డెలివరీ) పవర్ బ్యాంకును 9 వోల్టులు అడిగి కాస్త తగ్గించి ఇస్తాయి. నేను రెండో రకాన్నే ఇష్టపడతాను. ఎందుకంటే కెమెరా ఎప్పుడూ ఒకేలా కరెంటు లాగదు. అద్దం లేచేటప్పుడు, షట్టర్ కదిలేటప్పుడు ఒక్క క్షణం గట్టిగా లాగుతుంది. ఆ క్షణంలో బలహీనమైన డమ్మీ చతికిలపడితే కెమెరా బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. 5 వోల్టుల డమ్మీ మీద 3 ఆంపియర్లు కావాలని రాసి ఉంటే, పవర్ బ్యాంకు రంధ్రం దగ్గర 2.4 అని ఉంటే, ఆ రెంటికీ పొసగదు.

ఇక్కడొక హెచ్చరిక. మీ కెమెరా బ్యాటరీలో రెండు సెల్స్ ఉంటాయి, నిండా ఛార్జ్ అయినప్పుడు కూడా 8.4 వోల్టులు దాటవు. కారు బ్యాటరీ 12 వోల్టుల వైరును నేరుగా డమ్మీకి కలిపితే కెమెరా బోర్డు కాలిపోతుంది. మధ్యలో వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ ఉండి తీరాలి. కొత్త డమ్మీ ఏది కొన్నా కెమెరాలో పెట్టే ముందు మల్టీమీటర్‌తో వోల్టులు, ప్లస్ మైనస్‌లు చూడండి. మల్టీమీటర్ లేకపోతే మీ వీధి ఎలక్ట్రీషియన్ దగ్గర రెండు నిమిషాల పని.

మూడోది యూఎస్‌బీ-సీ నుంచి నేరుగా. మీ కెమెరాకు ఈ సౌకర్యం ఉంటే మిగతా రెండు దారుల గురించి మర్చిపోండి. సోనీ ఏ7-3 మొదలుకొని వచ్చినవి పనిచేస్తూనే బయటి కరెంటు తీసుకుంటాయి. కెనాన్ ఆర్5, ఆర్6లు తీసుకుంటాయి గానీ సాధారణ పవర్ బ్యాంకుకు పలకవు, పీడీ ఉండాలి. నికాన్ జడ్6 మొదటి మోడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఛార్జ్ మాత్రమే అవుతుంది, జడ్6-2 అయితే నడుస్తూ కూడా తీసుకుంటుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చే సంగతి ఏమిటంటే అసలు బ్యాటరీ లోపలే ఉంటుంది. రాత్రి కాలు తగిలి కేబుల్ ఊడినా కెమెరా ఆగదు. పవర్ బ్యాంకు మార్చాలన్నా ఫ్రేమ్ చెడకుండా మార్చుకోవచ్చు. డమ్మీతో అలా కాదు, వైరు ఊడిన క్షణమే అంతా ఆగిపోతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే బయట తగిలించిన టైమర్ రిమోట్‌కు సొంత సెల్ ఉంటుంది కాబట్టి కెమెరా చచ్చిపోయిన సంగతి దానికి తెలియదు. దాని తెర మీద అంకెలు దిగుతూనే ఉంటాయి, కొత్త ఫ్రేమ్ మొదలైనట్టు చూపిస్తూనే ఉంటుంది. దూరం నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. అందుకే గంటకోసారి రిమోట్‌ను కాదు, కెమెరా మీద కార్డులోకి రాస్తున్నట్టు చూపే చిన్న దీపాన్ని చూడాలి.

వైరును వదులుగా వేలాడనివ్వకండి. కెమెరా దగ్గర చిన్న ఉచ్చులా వదిలి, ట్రైపాడ్ కాలికి వెల్క్రో పట్టీతో కట్టండి. పవర్ బ్యాంకును సంచిలో పెట్టి ట్రైపాడ్ మధ్య కొక్కేనికి తగిలిస్తే బరువుకు బరువూ అవుతుంది, కాళ్లకు అడ్డమూ ఉండదు. ట్రాకర్ రాత్రంతా తిరుగుతుంది, కాబట్టి అది ఎటు తిరిగినా వైరు బిగుసుకోకుండా పగలే ఒకసారి చేత్తో తిప్పి చూసుకోవాలి.

పవర్ బ్యాంకుల గుణగణాలు

పవర్ బ్యాంకులు ఫోన్ల కోసం చేసినవి. ఫోన్ నిండిపోయాక కరెంటు లాగడం తగ్గుతుంది కదా, అప్పుడు బ్యాంకు పని అయిపోయిందనుకుని తనంతట తాను ఆగిపోతుంది. ట్రాకర్ ఒక్కటే తగిలిస్తే అది లాగే కొద్దిపాటి కరెంటును కొన్ని బ్యాంకులు గుర్తించవు, కాసేపటికి ఆగిపోతాయి. తక్కువ కరెంటుకూ ఆగకుండా ఉండే మోడ్ కొన్నింటిలో ఉంటుంది, సాధారణంగా బటన్ రెండుసార్లు నొక్కాలి. లేదంటే ట్రాకర్‌నూ కెమెరానూ ఒకే బ్యాంకుకు కలపండి, సమస్య పోతుంది.

ఇంకో గుణం తెలియక చాలామంది రాత్రులు పాడయ్యాయి. పీడీ బ్యాంకుకు రెండో వస్తువును తగిలించగానే అది అన్ని రంధ్రాల వోల్టేజీనీ మళ్లీ మొదటి నుంచి నిర్ణయించుకుంటుంది. ఆ క్షణకాలం 9 వోల్టులు 5కు పడిపోతాయి, డమ్మీ మీద ఉన్న కెమెరా ఆగిపోతుంది. కాబట్టి ఆ బ్యాంకుకు తగిలించాల్సినవన్నీ మొదటి ఫ్రేమ్‌కు ముందే తగిలించేయాలి. అర్ధరాత్రి ఫోన్ ఛార్జ్ దిగిపోతే దానికి వేరే బ్యాంకు. ఇందులో మొహమాటం వద్దు, పక్కన ఉన్న స్నేహితుడు అడిగినా ఇవ్వకండి.

బ్యాంకు మీద వెలిగే నీలం దీపాలకు నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. చీకటికి అలవాటు పడిన కళ్లను అవి పొడుస్తాయి.

అసలు తిండిపోతు ఎవరు

కెమెరా బ్యాటరీ గురించి ఇంత మాట్లాడుకున్నాం గానీ, ఒక పూర్తి రాత్రి లెక్క వేసి చూస్తే ఎక్కువ తినేది చాలాసార్లు కెమెరా కాదు. లెన్స్‌కు చుట్టే హీటర్ పట్టీ.

నిర్మలమైన రాత్రి భూమి వేడి ఆకాశంలోకి పోతుంది. లెన్స్ ముందరి గాజు కూడా అలాగే చల్లబడి, చుట్టూ ఉన్న గాలి కంటే కిందికి దిగుతుంది. గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. గండికోటలో పెన్నా లోయ పక్కన, శ్రీశైలం జలాశయం చుట్టుపక్కల, కోనసీమలో ఎక్కడైనా డిసెంబరు రాత్రుల్లో రెండు గంటలు తిరక్కుండానే ఇది జరుగుతుంది. హీటర్ పట్టీ లెన్స్‌ను రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచితే చాలు, తేమ పట్టదు. తడిసిపోయాక ఆరబెట్టడం కంటే తడవకుండా ఉంచడానికి చాలా తక్కువ వేడి సరిపోతుంది. అందుకే తేమ చేరక ముందే, తక్కువ స్థాయిలో వెలిగించాలి. పూర్తి స్థాయిలో 10 వాట్లు లాగే పట్టీ ఐదారు వాట్లతో కూడా పని కానిస్తుంది. వెచ్చదనాన్ని ఎక్కువ తక్కువ చేసుకునే బటన్ ఉన్న పట్టీనే కొనండి. లెన్స్ హుడ్ కూడా పెట్టండి, అది కరెంటు లేకుండానే సగం పని చేస్తుంది.

ఇప్పుడు శివరాత్రి లెక్క వేద్దాం. మీటర్ పెట్టి చూస్తే మీ కెమెరా సగటున మూడున్నర వాట్లు లాగిందనుకోండి. తొమ్మిదిన్నర గంటలకు 33 వాట్-అవర్లు. చిన్న ట్రాకర్ ఒకటిన్నర వాట్లు అయితే 14. పొద్దుపోయాక పదకొండు నుంచి ఐదు దాకా హీటర్ 6 వాట్లతో ఆరు గంటలు, 36. మొత్తం 83. వైర్లలో పోయేది, చలికి తగ్గేది, బ్యాంకు పాతబడటం, అన్నిటికీ కలిపి మూడో వంతు చేర్చుకుంటే 110 దగ్గర తేలుతుంది. ఒక్కోటి 60 వాట్-అవర్లు ఇచ్చే బ్యాంకులు రెండు కావాలి. కెమెరా, ట్రాకర్ ఒకదాని మీద. హీటర్ ఒక్కటీ ఇంకోదాని మీద. ఇలా విడదీయడం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం. హీటర్ తన బ్యాంకును ఖాళీ చేసినా కెమెరా నడుస్తూనే ఉంటుంది. రెండూ ఒకదాని మీదే ఉంటే ముందు చచ్చేది కెమెరా.

ట్రాకర్‌లో పెన్సిల్ సెల్స్ కూడా వేసి ఉంచండి. స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్ లాంటి వాటికి నాలుగు సరిపోతాయి.

పెద్ద టెలిస్కోపు, మోటారు మౌంటు, చల్లబరిచే కెమెరా, దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ దాకా వెళ్లినవాళ్లకు పవర్ బ్యాంకులు చాలవు. అవన్నీ 12 వోల్టులతో నడుస్తాయి, కలిపి 40, 50 వాట్లు లాగుతాయి. రాత్రికి 450 వాట్-అవర్లు. కారు బ్యాటరీ నుంచి తీసుకుందామని చాలామందికి అనిపిస్తుంది, నేను వద్దంటాను. కారు స్టార్ట్ చేసే బ్యాటరీ క్షణం సేపు భారీగా ఇవ్వడానికి చేసినది, మెల్లగా అడుగుదాకా తోడితే పాడైపోతుంది. పొద్దున్నే అడవి దారిలో కారు కదలకపోతే ఫొటోల సంగతి ఎవరికీ గుర్తుండదు. తిరుపతిలో తయారయ్యే అమరాన్ అయినా, మరే కంపెనీది అయినా లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 12.8 వోల్టులు, 50 ఆంపియర్-అవర్లది తీసుకుంటే 640 వాట్-అవర్లు. అందులో ఎనభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు, బరువు ఆరేడు కిలోలు. ఖరీదైనదే, కానీ ఏళ్ల తరబడి ఉంటుంది. దాని నుంచి ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టులు చేసి, మళ్లీ అడాప్టర్‌తో 12కు దించే పని మాత్రం చేయకండి. రెండుసార్లు మార్చడంలో బోలెడు వృథా. నేరుగా 12 వోల్టుల వైరు వేయండి. వైరు మందంగా ఉండాలి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉండాలి. సన్నని పొడుగు వైరులో వోల్టేజీ పడిపోయి, మౌంటు నక్షత్రం వైపు తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగిపోతుంది.

మేడ మీద నుంచి తీసేవాళ్లకు గోడ ప్లగ్గే ఉత్తమం. ఎక్స్‌టెన్షన్ బోర్డును మంచులో నేల మీద పడేయకుండా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కాలికి చెప్పులు వేసుకోండి. అది 230 వోల్టులు, మన చేతులు తడిగా ఉంటాయి.

చలి, ఎండ

లడఖ్‌లోని హాన్లే వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. 2022లో దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. సముద్ర మట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన, శీతాకాలంలో రాత్రి మైనస్ ఇరవై దాకా పోయే చోటు అది. లిథియం బ్యాటరీలో కరెంటు పుట్టించే రసాయన చర్య చలికి మందగిస్తుంది. సున్నా దగ్గర కొంత, మైనస్ ఇరవై దగ్గర దాదాపు సగం శక్తి చేతికి రాదు. అది పోయినట్టు కాదు, వెచ్చబడితే తిరిగి వస్తుంది. కాబట్టి చలికి ఆగిపోయిన బ్యాటరీని పారేయకుండా చొక్కా లోపలి జేబులో అరగంట ఉంచి మళ్లీ వేసి చూడండి. పవర్ బ్యాంకును థర్మోకోల్ డబ్బాలో ఉన్ని గుడ్డ చుట్టి పెడితే తన వేడితో తానే కొంత నెట్టుకొస్తుంది. గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ మాత్రం పెట్టకూడదు, లోపల శాశ్వతంగా చెడుతుంది. గదిలోకి తెచ్చి, వెచ్చబడ్డాకే పెట్టాలి. పెన్సిల్వేనియాలో, మిషిగన్‌లో జనవరి రాత్రులు ఆకాశం తీసే మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. విమానంలో వెళ్లేటప్పుడు బ్యాటరీలు, బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల దాకా అనుమతి అడగక్కర్లేదు, ఆ పైన 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి.

మన ప్రాంతాల్లో అసలు శత్రువు చలి కాదు, ఎండ. లంబసింగి లాంటి చోట్లు వదిలేస్తే మన రాత్రులు బ్యాటరీలకు హాయిగానే ఉంటాయి. వాటి ఆయుష్షును తినేది పగలు. సాయంత్రం షూటింగుకు బయల్దేరి దారిలో భోజనానికి ఆగి, సంచిని మూసిన కారులో ఎండలో వదిలేస్తారు. నిండా ఛార్జ్ అయిన లిథియం బ్యాటరీకి వేడి కంటే హాని ఇంకోటి లేదు. సంచి మీతో లోపలికి రావాలి. పొట్ట ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే దాన్ని కెమెరాలో పెట్టకండి, ఛార్జింగ్‌కూ పెట్టకండి.

మూడింటి పని

అలారం రెండున్నరకు పెట్టుకోండి. లేవగానే చేయాల్సినవి ముందే కాగితం మీద రాసి సంచి మూతకు అంటించి ఉంచండి. ఎర్ర టార్చి వెలుగులో లెన్స్ ముందరి గాజును పక్క నుంచి చూడాలి, తేమ ఉంటే మసకగా మెరుస్తుంది. కెమెరా బ్యాంకులో ఎంత మిగిలిందో మీటర్‌లో చదవాలి. మన లెక్కలో అప్పటికి ముప్పై అయిదు వాట్-అవర్లు పోయి ఉండాలి, ఇరవై అయిదు మిగిలి ఉండాలి. మిగిలింది పదిహేను కంటే తక్కువైతే, కెమెరాను ఆగ్నేయానికి తిప్పే ఈ విరామంలోనే బ్యాంకు మార్చేయండి. ఎలాగూ ఇక్కడ కొత్తగా గురి పెట్టి, కొత్తగా ఫోకస్ చూసుకోవాలి కాబట్టి రాత్రంతటిలో వైర్లను ముట్టుకోవడానికి వీలైన సమయం ఇదొక్కటే. తర్వాత పాలపుంత పైకి వచ్చాక దేన్నీ కదపకూడదు.

ఐదూ ఇరవైకి తూరుపు తేటబడటం మొదలవుతుంది. అప్పుడు కెమెరా ఆపేయకండి. లెన్స్‌కు మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో, అదే ఐఎస్ఓతో ఇరవై చీకటి ఫ్రేములు తీయాలి. సెన్సర్ రాత్రంతా ఉన్న వేడిలోనే ఉన్నప్పుడు తీస్తేనే అవి నాయిస్ తీసేయడానికి పనికొస్తాయి, ఇంటికెళ్లి తీస్తే పనికిరావు. రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ అయితే దానికే నలభై నిమిషాలు. పైన వేసిన మూడో వంతు అదనంలో దీనికీ చోటుంది, కానీ నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్లు వాడేవాళ్లు ఆ గంటా ఇరవై నిమిషాలనూ మొదటే లెక్కలో వేసుకోవాలి. మూత పెట్టిన కెమెరా తన పని తాను చేసుకుంటుండగా మీరు ట్రాకర్ తప్ప మిగతావన్నీ సర్దుకోవచ్చు, హీటర్ పట్టీ విప్పి ఆరబెట్టుకోవచ్చు.

ఇంటికి వచ్చి పడుకునే ముందు మీటర్ చూపిన వాట్-అవర్లను నోటు పుస్తకంలో రాయండి. తేదీ, ఊరు, చలి ఎంత, ఎన్ని గంటలు, కెమెరా బ్యాంకు ఎంత ఇచ్చింది, హీటర్ బ్యాంకు ఎంత ఇచ్చింది. వచ్చే అమావాస్యకు లెక్క వేసేటప్పుడు నా అంకెలు పక్కన పెట్టి వీటినే వాడండి. బ్యాటరీలను వెంటనే నిండా ఛార్జ్ చేయకండి. మళ్లీ వెళ్లడానికి రెండు మూడు వారాలు పడుతుందంటే సగానికి కాస్త అటూ ఇటూగా ఛార్జ్ చేసి బీరువాలో చల్లని అరలో పెట్టండి, బయల్దేరే ముందు రోజు రాత్రి పూర్తిగా నింపుకుందురు గాని.